పెడల్ మెల్లగా దిగిపోతోంది: మాస్టర్ సిలిండర్ 25.4 వెయ్యాలా, 28.57 వెయ్యాలా?

రాయగడ లోడుబండి:

అందరికీ నమస్కారం. బండి ఆరు చక్రాల మీడియం ట్రక్కు. వాక్యూమ్ బూస్టర్ మీద నడిచే హైడ్రాలిక్ బ్రేకు, టాండెం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకాయిల్‌ని ముందు, వెనక చక్రాలకి రెండు వేరు సర్క్యూట్లుగా తోసేది), నాలుగు వైపులా డ్రమ్ములే. వారానికి రెండు మూడు ట్రిప్పులు లోడుతో కోరాపుట్ నుంచి సుంకి ఘాటీ దిగి సాలూరు వెళ్తుంది.

ఇంజన్ ఆన్‌లో ఉండగా పెడల్ మీద తేలిగ్గా కాలు పెట్టి ఉంచితే అర నిమిషంలో అడుగు దాకా దిగిపోతోంది. వెంటనే రెండుసార్లు కొడితే పైకి వస్తోంది. గట్టిగా తొక్కితే మాత్రం అంతగా దిగట్లేదు. డ్రమ్ములు విప్పి చూశాం, వీల్ సిలిండర్లు పొడిగానే ఉన్నాయి. పైపుల మీద చెమ్మ లేదు. అయినా డబ్బాలో బ్రేకాయిల్ పదిహేను రోజులకు ఒక వేలు మందం తగ్గుతోంది.

షాపులో రెండు మాస్టర్లు చూపించారు. చూపుకి ఒకేలా ఉన్నాయి, ఫ్లాంజి బోల్టు కన్నాలు కూడా కలిశాయి. ఒకదాని మీద 25.4 అనీ, రెండోదాని మీద 28.57 అనీ ఉంది, అవి బోరు (లోపలి గొట్టం వ్యాసం) మి.మీ.లో. ఘాటీ బండికి పెద్దదే మంచిది, బ్రేకు గట్టిగా పడుతుంది అంటున్నారు. మూడో దారి రిపేర్ కిట్టు. ఏది తీసుకోమంటారు? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

జయపురం వర్క్‌షాపు:

ముందు రోగం సంగతి. తేలిగ్గా తొక్కితే దిగిపోయి, గట్టిగా తొక్కితే ఆగుతోందంటే లోపలి రబ్బరు కప్పు పెదవి అరిగిపోయినట్టే. ఒత్తిడి ఎక్కువైతే ఆ ఒత్తిడే పెదవిని గోడకి అదిమిపెడుతుంది, అందుకే ఆగుతుంది. తక్కువ ఒత్తిడిలో పెదవి పక్కనుంచి ఆయిల్ వెనక్కి జారుకుంటుంది. అందుకే ఈ పరీక్ష ఎప్పుడూ తేలికపాటి కాలుతోనే చెయ్యాలి. ఇంజన్ ఆపి, ఐదారుసార్లు తొక్కి బూస్టర్లో వాక్యూమ్ ఖాళీ చేసి మళ్ళీ ఒకసారి చూడండి. అప్పుడూ దిగితే ఇంక అనుమానం లేదు.

కప్పు దాటిన ఆయిల్ డబ్బాలోకే తిరిగి వస్తుంది కాబట్టి దానివల్ల మట్టం తగ్గదు. మీకు తగ్గుతోంది. అంటే వెనకవైపు సీలు కూడా పోయి, ఆయిల్ బూస్టర్లోకి కారుతోందన్న మాట. బయటికి ఒక్క చుక్క కనపడదు. పైపులు విప్పకుండానే మాస్టర్ రెండు నట్లూ వదులు చేసి, పైపులు వంగిపోకుండా ఒక అంగుళం ముందుకి లాగి, బూస్టర్ నోట్లోకి టార్చి వేసి చూడండి. తడి ఉంటే, పెయింటు ఉబ్బి ఊడుతుంటే అదే. అప్పుడు బూస్టర్ డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) కూడా పరీక్ష చేయించాలి. బ్రేకాయిల్ నానిన డయాఫ్రం ఎక్కువ రోజులు నమ్మదగ్గది కాదు.

ఇక సైజు. పెద్ద బోరు అంటే గట్టి బ్రేకు అన్నది పూర్తిగా తప్పు, సరిగ్గా తిరగేసి చెప్పాలి. 25.4 బోరు వైశాల్యం 5.07 చదరపు సెంటీమీటర్లు. 28.57 ది 6.41. బూస్టర్ రాడ్ (మాస్టర్ పిస్టన్‌ని తోసే కమ్మీ) మీద 300 కిలోల బలం పడిందనుకోండి. చిన్నదానిలో చదరపు సెంటీమీటరుకి 59 కిలోల ఒత్తిడి వస్తుంది, పెద్దదానిలో 47 కిలోలే. వీల్ సిలిండర్లు మారలేదు కదా, ఆ తేడా అంతా షూల మీద తగ్గినట్టే. అదే బ్రేకు కావాలంటే రాడ్ మీద 300 బదులు దాదాపు 380 కిలోలు పడాలి.

మరి పెద్దది మంచిదని ఎందుకు అనిపిస్తుందంటే, పెడల్ ప్రయాణం తగ్గుతుంది. పది సీసీల ఆయిల్ పంపడానికి 25.4 పిస్టన్ సుమారు 20 మి.మీ. జరగాలి, 28.57 కి 15.6 చాలు. షాపు ముందు నిలబెట్టి తొక్కి చూస్తే పెడల్ పైనే రాయిలా ఆగుతుంది. అది బ్రేకు బలం కాదు, ప్రయాణం తగ్గడం. లోడుతో సుంకి వంపుల్లో దిగుతున్నప్పుడు, డ్రమ్ములు కాగి లైనింగు పట్టు తగ్గినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ఎంత తొక్కినా బండి జారుతూనే ఉంటుంది.

చిన్నది వేస్తే ఎక్కువ ఒత్తిడి వస్తుంది కదా అని అటువైపు కూడా పోవద్దు. ప్రయాణం పెరుగుతుంది. ముందు సర్క్యూటో వెనక సర్క్యూటో తెగిన రోజున మిగిలిన సర్క్యూటు పని చెయ్యకముందే పెడల్ అడుగు తగులుతుంది. టాండెం పెట్టిన ఉద్దేశమే పోతుంది.

కంపెనీ ఇచ్చిన బోరే వెయ్యండి. ఇప్పుడు బండి మీద ఉన్నదే కంపెనీది అనుకోకండి, ఇంతకుముందు ఎవరైనా మార్చి ఉండొచ్చు. ఛాసిస్ నంబరుతో పార్ట్స్ కేటలాగులో చూపించమనండి. పాతదాని బోరు కొలవాలంటే పిస్టన్ తీసి, గోడ నుంచి గోడకి వెర్నియర్ పెట్టి కొలవాలి. పిస్టన్ కొలిస్తే కొంచెం తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి కొంటే ఒక సైజు కిందికి పోతారు. బాడీ మీద అంగుళాల్లో ఉంటే: 15/16 అంటే 23.81, ఒకటి అంటే 25.4, 1-1/16 అంటే 26.99, 1-1/8 అంటే 28.57 మి.మీ.

గుణుపురం స్పేర్లు:

పై మాటకి చేర్పు. బోరు కలిసినంత మాత్రాన సరిపోదు. కౌంటరు దగ్గర పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఇవి చూసుకోండి.

పిస్టన్ వెనక రాడ్ కూర్చునే గుంట లోతు. ఫ్లాంజి నుంచి గుంట అడుగు దాకా రెండింటికీ కొలవాలి. బయటి పోత ఒకేలా ఉండి ఈ లోతు రెండు మూడు మి.మీ. తేడా ఉన్నవి దొరుకుతాయి. అలాంటిది వేస్తే బ్రేకులు పట్టేస్తాయి, లేదా సగం పెడల్ వృథా పోతుంది.

పైపు కన్నాల చుట్లు. ఎం10×1 (పది మి.మీ. మెట్రిక్ చుట్ల) కన్నంలో 3/8 అంగుళం, 24 చుట్ల పాత నట్టు దూరిపోతుంది, ఎందుకంటే అది 9.5 మి.మీ. చిల్లరే. వదులుగా దూరి, బిగించేసరికి చుట్లు తినేస్తుంది. చేత్తో తిప్పితే నట్టు ఊగుతోందంటే ఆగిపోండి. దానితోపాటు పైపు చివర ఆకారం కూడా చూడాలి. గరాటులా లోపలికి మడిచిన డబుల్ ఫ్లేరు వేరు, ఉల్లిపాయలా ఉబ్బిన బబుల్ ఫ్లేరు వేరు. ఒకదాని సీటులో రెండోది ఎంత బిగించినా కారుతుంది, ఇంకా బిగిస్తే సీటు చితుకుతుంది.

పాత డ్రమ్ము బండ్లలో మాస్టర్ అవుట్‌లెట్లో చిన్న చెక్ వాల్వు ఉంటుంది. కాలు తీశాక కూడా లైన్లో కొద్దిగా ఒత్తిడి నిలబెట్టి, వీల్ సిలిండర్ కప్పుల పక్కనుంచి గాలి పీల్చకుండా చూస్తుంది. మీ పాతదానిలో అది ఉండి కొత్తదానిలో లేకపోతే పొద్దున్న మొదటి తొక్కుకి పెడల్ కిందికి పోతుంది. అదే ముందు డిస్కు ఉన్న బండికి డ్రమ్ము వాల్వు ఉన్న మాస్టర్ వేస్తే ప్యాడ్లు వదలవు. మీది నాలుగూ డ్రమ్ములే కాబట్టి పాతది విప్పి చూసి అడగండి.

కిట్టు విషయం. పోత ఇనుము బాడీ అయి, లోపల అద్దంలా ఉంటే కిట్టు పనికొస్తుంది. బోరు తుడిచి, టార్చి వేసి, వేలిగోరు మెల్లగా నడిపించండి. ఎక్కడైనా గోరు ఆగిందంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టే, కొత్త కప్పుని అది కొద్ది రోజుల్లో కొరికేస్తుంది. అల్యూమినియం బాడీకి ఎమరీ కాగితం పెట్టి రుద్దడం అసలు వద్దు. పైన ఉండే గట్టి పొర పోయి మెత్తటి లోహం బయటపడుతుంది. ఘాటీ దిగే లోడుబండి, వెనక సీలు కూడా పోయిందంటున్నారు కాబట్టి నా ఓటు పూర్తి అసెంబ్లీకే.

కొనేటప్పుడు కన్నాలకి ప్లాస్టిక్ బిరడాలు ఉన్నాయా, ప్యాకెట్టు సీలుతో ఉందా, తయారీ తేదీ ఏమిటి అని చూడండి. ఏళ్ళ తరబడి రేకుల షెడ్డు కింద ఎండలో పడున్న సరుకులో రబ్బరు బిరుసెక్కి ఉంటుంది.

సాలూరు ఘాటీ మేస్త్రి:

బిగించే పని రాస్తాను. తొందర లేకుండా ఒక పూట పెట్టుకోండి.

మాస్టర్ ముట్టుకునే ముందు నాలుగు చక్రాల షూలూ అడ్జస్టు చెయ్యండి. చక్రం ఎత్తి, షూ తగిలి చక్రం ఆగే దాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగే దాకా వెనక్కి వదలాలి. షూ దూరంగా ఉంటే ఎంత మంచి మాస్టర్ వేసినా పెడల్ కిందికే ఉంటుంది, తర్వాత గాలి ఉందనుకుని లీటర్లకి లీటర్లు ఆయిల్ పారబోస్తారు.

డబ్బాలో పాత ఆయిల్ సిరంజితో లాగెయ్యండి. పైపు నట్లకి మామూలు పానా వద్దు, మూలలు అరిగిపోతాయి. నోరు తెగిన రింగు పానా ఉంటుంది, పైపు దూర్చి పెట్టేది, అది వాడండి. పైపు విప్పగానే చివరలకి రబ్బరు టోపీ పెట్టాలి. బ్రేకాయిల్ పెయింటుని తినేస్తుంది, ఛాసిస్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన కొలత: బూస్టర్ రాడ్‌కీ పిస్టన్ గుంటకీ మధ్య ఖాళీ. మాన్యువల్లో అంకె ఉంటే అదే, ఏ స్థితిలో కొలవమన్నారో కూడా చూసుకోండి. చాలా బండ్లకి అర మి.మీ. నుంచి ఒక మి.మీ. మధ్య ఉంటుంది. పిల్లలు ఆడుకునే రంగు మైనం ముద్ద శనగగింజంత తీసుకుని రాడ్ కొనకి అంటించి, మాస్టర్ పెట్టి నట్లు బిగించి, పెడల్ ముట్టుకోకుండా మళ్ళీ విప్పండి. నలిగిన మైనం మందమే మీ ఖాళీ. మైనం కాగితంలా నలిగిపోయిందంటే రాడ్ పొడుగు. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కాంపెన్సేటింగ్ పోర్టు అనే సూదిమొనంత రంధ్రం కప్పు కిందే ఉండిపోతుంది. ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తే వెళ్ళడానికి దారి ఉండదు, కిలోమీటరు కిలోమీటరుకీ బ్రేకులు పట్టుకుంటూ పోతాయి. ఖాళీ ఎక్కువైతే పెడల్ మొదటి భాగం ఉత్తగా పోతుంది. రాడ్ కొన మరని తిప్పి సరిచేసి, మైనం తుడిచేసి, మళ్ళీ ఒకసారి కొలవండి.

తర్వాత బండి మీద పెట్టే ముందే మాస్టర్లో గాలి తియ్యాలి. ఇది మానేస్తే రోజంతా బ్లీడింగు (చక్రాల దగ్గర గాలి తీయడం) చేసినా పెడల్ స్పాంజిలా ఉండొచ్చు. వైసులో ఫ్లాంజి దగ్గర పట్టించండి, బోరు ఉన్న బాడీని నొక్కితే గుండ్రం పోతుంది. రెండు అవుట్‌లెట్లకీ వంచిన పైపు ముక్కలు పెట్టి, కొనలు డబ్బాలో ఆయిల్ కింద మునిగేలా ఉంచండి. మొన గుండ్రం చేసిన చెక్క కర్రతో పిస్టన్ మెల్లగా తోసి, మెల్లగా వదిలి, ఐదు సెకన్లు ఆగండి. మొదట పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత సన్న నురుగు, ఆ తర్వాత ఏమీ రాదు. పది పదిహేను తోపులు పడుతుంది. వేగంగా కొడితే ఆయిల్ నురుగెక్కి పని రెట్టింపవుతుంది.

బండి మీద పెట్టాక ఫ్లాంజి నట్లు వదులుగా ఉంచి, పైపు నట్లు రెండూ చేత్తో నాలుగైదు చుట్లు ఎక్కించండి. చేత్తో ఎక్కకపోతే వంకరగా ఉన్నట్టు, తీసి మళ్ళీ పెట్టండి. ఆ తర్వాతే ఫ్లాంజి, చివరికి పైపులు. అంకె మాన్యువల్‌లో దొరక్కపోతే ఎం10 పైపు నట్టుకి 15 న్యూటన్ మీటర్ల దగ్గర, ఎం8 ఫ్లాంజి నట్టుకి 20 నుంచి 25 దగ్గర ఆపండి.

గాలి తీసే వరస మాస్టర్‌కి దూరం నుంచి దగ్గరికి. స్టీరింగు కుడివైపు కాబట్టి ముందు వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. వెనక లోడు సెన్సింగ్ వాల్వు (లోడుని బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చేది) మీద నిపుల్ (గాలి తీసే చిన్న మర) ఉంటే అక్కడా తియ్యాలి, మాన్యువల్ చెప్పిన చోట. నిపుల్‌కి తెల్ల పైపు పెట్టి, కొన సీసాలో ఆయిల్ కింద ముంచండి. తొక్కిపట్టు, నిపుల్ విప్పు, నిపుల్ బిగించు, అప్పుడే కాలు తియ్యి. డబ్బా సగానికి దిగకుండా పోస్తూ ఉండాలి. పాత ఆయిల్ అంతా పోవాలంటే లీటరు నుంచి లీటరున్నర దగ్గర పెట్టుకోండి. సీసాలోకి వచ్చింది తిరిగి డబ్బాలో పొయ్యొద్దు.

పని అయ్యాక డబ్బా మూత తీసి, ఒకరిని పెడల్ కొంచెం, కొంచెమే నొక్కమనండి. ఆయిల్ పైన సన్నటి ఊట లేచిందంటే ఆ రంధ్రం తెరిచే ఉందన్న మాట. ఊట లేదంటే రాడ్ ఖాళీ మళ్ళీ చూడండి. ముఖం దగ్గర పెట్టకండి, కంట్లో పడుతుంది.

రాయగడ లోడుబండి:

మేస్త్రీ గారూ, గురువు గారూ, చాలా థాంక్సండీ. మాస్టర్ ముందుకి లాగి చూశాం, బూస్టర్ నోరు తడిగా ఉంది, పెయింటు ఊడింది. కేటలాగులో 25.4, పాతదాని బోరు కూడా వెర్నియర్‌తో అంతే వచ్చింది. కాబట్టి అదే తీసుకుంటున్నాం.

ఒక కొత్త సంగతి. డబ్బా మూతలోని రబ్బరు వాచిపోయి ఉంది. తీశాక తిరిగి దాని గాడిలో పట్టట్లేదు. ఆయిల్ నల్లగా ఉంది. దీనికేమైనా అర్థం ఉందా?

జయపురం వర్క్‌షాపు:

తమ్ముడూ, మాస్టర్ బిగించకుండా ఆపు. ఈ ఒక్క సంగతి మొత్తం పని మార్చేస్తుంది.

మూత రబ్బరు వాచిందంటే ఎవరో బ్రేకాయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో, అలాంటి ఖనిజ నూనె పోశారని గట్టి అనుమానం. బ్రేకు రబ్బర్లు డాట్ ఆయిల్‌ని (డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఉండే మామూలు బ్రేకాయిల్) తట్టుకునే రకం. ఖనిజ నూనె తగిలితే ఉబ్బుతాయి.

ఖాయం చేసుకోవడం తేలిక. గాజు గ్లాసులో సగం నీళ్ళు పోసి, డబ్బాలోంచి సిరంజితో తీసిన ఆయిల్ ఒక చెంచాడు వేసి కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచు. డాట్ 3, డాట్ 4 నీళ్ళలో కలిసిపోతాయి, రంగు మాత్రం మారుతుంది. పైన నూనె తెట్టు విడిగా తేలితే, అద్దం మీద జిడ్డు ఉంగరం కట్టితే, కల్తీ ఖాయం.

తేలితే మాస్టర్ ఒక్కటే మార్చి లాభం లేదు. లైన్లలో మిగిలిన నూనె కొత్త మాస్టర్‌కి చేరి దాని కప్పుల్నీ వాపేస్తుంది, కప్పు వాచి రంధ్రం మూసుకుంటే బ్రేకులు వదలవు. అన్ని వీల్ సిలిండర్ల రబ్బర్లు, రబ్బరు హోసులు, డబ్బా గ్రోమెట్లు, మూత రబ్బరు అన్నీ మార్చాలి. ఇనప పైపులు విప్పి స్పిరిట్‌తో గానీ బ్రేక్ క్లీనర్‌తో గానీ కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాలి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు పెట్టి కడగొద్దు, అవీ ఖనిజ నూనెలే. ఖర్చు పెరుగుతుందని తెలుసు. కానీ ఘాటీలో నాలుగు చక్రాలూ పట్టేసి కాగిపోతే ఆ తర్వాత బ్రేకే ఉండదు. ఇందులో సగం పని అనేది లేదు.

ఆయిల్ డాట్ 4 పోయించు. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 కి దిగుతుంది. డాట్ 3 అయితే 205, తేమ పట్టాక 140. మన కొండల్లో వానాకాలం ఎలా ఉంటుందో తెలిసిందే, గాలిలోని తడిని ఆయిల్ పీల్చుకుంటూనే ఉంటుంది. డ్రమ్ములు కాగినప్పుడు వీల్ సిలిండర్లో ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నలుగుతుంది, పెడల్ ఉత్తదైపోతుంది. ఏటా వానలు వెళ్ళాక ఆయిల్ మార్చడం మంచిది. మూత తీసి పెట్టిన పాత డబ్బాలోది వాడొద్దు. డాట్ 5 అని సిలికాన్ ఆయిల్ ఉంటుంది, డాట్ 5.1 తో దానికి సంబంధం లేదు, ఈ బండిలో పొయ్యొద్దు.

బరంపురం మట్టిపని:

మధ్యలో ఒక మాట. పై సలహా రోడ్డు బండ్లకి. చాలా బ్యాక్‌హో లోడర్ల బ్రేకుల్లో దీనికి తిరగేసి ఉంటుంది, అక్కడ ఖనిజ నూనెకి తగ్గ రబ్బర్లు వేస్తారు, డాట్ ఆయిల్ పోస్తే అవే పాడవుతాయి. ట్రక్కూ లోడరూ రెండూ ఉన్నవాళ్ళు ఒకే డబ్బా రెండింటికీ వాడితే ఇలాంటి కల్తీయే జరుగుతుంది. మూత మీద ఏ ఆయిల్ రాసుందో అదే.

పూర్తి ఎయిర్ బ్రేకు ఉన్న పది, పన్నెండు చక్రాల బండ్లకి మాస్టర్ అడగకండి. వాటికి పెడల్ కింద ఉండేది గాలి వదిలే డ్యూయల్ ఫుట్ వాల్వు. క్యాబిన్ ముందు కనపడే చిన్న ఆయిల్ డబ్బా చాలావరకు క్లచ్ మాస్టర్‌ది.

సాలూరు ఘాటీ మేస్త్రి:

రాయగడ తమ్ముడికి ఇంకో రెండు మాటలు.

బూస్టర్ పరీక్ష ఇలా: ఇంజన్ ఆపి ఐదుసార్లు తొక్కు, ఆరోసారి తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యి. కాలు కింద పెడల్ కొద్దిగా దిగాలి. దిగకపోతే వాక్యూమ్ రావట్లేదు, లేదా డయాఫ్రం పోయింది. హోసులోని నాన్ రిటర్న్ వాల్వు, ఆల్టర్నేటర్ వెనక ఉండే వాక్యూమ్ పంపు చూడాలి. బూస్టర్ లోపల నల్లటి ఇంజన్ ఆయిల్ కనపడితే అది పంపు నుంచి వచ్చింది, మాస్టర్ నుంచి కాదు. ఈ రెండు తడులూ వేరు, వేలితో తాకితే తేడా తెలుస్తుంది. గేజి పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. కోరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ వాతావరణ పీడనమే తక్కువ కాబట్టి సాలూరులో వచ్చిన అంకె కంటే సుమారు 65 మి.మీ. పాదరసం తక్కువ చూపిస్తుంది, బూస్టర్ సాయం కూడా పదో వంతు తగ్గుతుంది. పైన పెడల్ కొంచెం గట్టిగా ఉందని మాస్టర్‌ని అనుమానించి మళ్ళీ విప్పొద్దు. అసలు ఆ సాయమే తగ్గే చోటికి 28.57 వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించు.

బిగించాక చక్రాలు ఎత్తి, గట్టిగా తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడు. పట్టుకుంటే వరసగా ఇలా వెతుకు. మాస్టర్ ఫ్లాంజి నట్లు రెండు చుట్లు వదులు చెయ్యి, చక్రం వదిలితే రాడ్ పొడుగు. వదలకపోతే నట్లు బిగించి, మాస్టర్ దగ్గర పైపు నట్టు విప్పు. అప్పుడు వదిలితే మాస్టర్ లోపలి రంధ్రం మూసుకుంది. అక్కడా వదలక చక్రం దగ్గర నిపుల్ విప్పితే వదిలిందంటే రబ్బరు హోసు లోపల వాచింది. ఏం చేసినా వదలకపోతే షూ స్ప్రింగు, హ్యాండ్ బ్రేకు కేబుల్ చూడు. పైపు నట్టు గానీ నిపుల్ గానీ విప్పిన చోట మళ్ళీ గాలి తియ్యాలి.

మొదటి ట్రిప్పు ఖాళీ బండితో, ఊరి దగ్గర చదును రోడ్డు మీద. ఓ 20 కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేతి వెనక భాగం పెట్టి వేడి చూడు, తాకకుండా. ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే ఆ చక్రం సంగతి చూసుకోవాలి. నాలుగూ సమానంగా సెగ కొడుతుంటే మాస్టర్ రాడ్ దగ్గరికే వెళ్ళాలి. పైపు నట్ల చుట్టూ తెల్ల కాగితం చుట్టి తీసి చూడు, చెమ్మ ఉంటే మరక పడుతుంది. మట్టానికి డబ్బా మీద పెన్నుతో గీత పెట్టు.

ఆ తర్వాతే లోడు. ఘాటీ ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్ చేసి దిగితే ఇంజన్ పట్టు పోతుంది, ఇంజన్ ఆపి దిగితే వాక్యూమ్ పంపు ఆగిపోయి రెండు మూడు తొక్కులకే బూస్టర్ ఖాళీ అవుతుంది. కింద సాలూరు దగ్గర ఆగినప్పుడు కాగిన డ్రమ్ముల మీద నీళ్ళు కొడుతుంటారు కొందరు. కొట్టనివ్వకు, పోత ఇనుము పగుళ్ళు తీస్తుంది. హ్యాండ్ బ్రేకు కూడా వెయ్యకుండా, చక్రాలకి చెక్కలు పెట్టి అరగంట వదిలెయ్యి. చల్లారాక గీత దగ్గర మట్టం చూసుకుని బయల్దేరు.